రాష్ట్రపతి ఎన్నికలు – మేధ అనే మాట

1

రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన సాహిత్య సభల్లో, సభలయ్యాక చాయ్ దగ్గర, ఒక పాత వాదం కొత్తగా లేస్తుంది. ఆ పదవిలో చదువరి, ఆలోచనాపరుడు, మేధావి ఉండాలని ఒకరంటారు. మేధావులు దేశానికి ఒరగబెట్టిందేమిటి, మనిషి ఏ పక్షమో చూడాలి గాని తెలివి ఎవరికి కావాలని ఇంకొకరంటారు. 2025 సెప్టెంబరు 9న జరిగిన ఉపరాష్ట్రపతి ఎన్నికలో సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి బి. సుదర్శన్‌రెడ్డి ప్రతిపక్షాల అభ్యర్థిగా నిలబడ్డప్పుడు ఈ వాదం మా వరంగల్లు మిత్రుల మధ్య కూడా తీవ్రంగానే నడిచింది. తెలుగువాడన్న అభిమానం ఒకవైపు, పార్టీల లెక్క మరొకవైపు. మధ్యలో మేధ అనే మాట ఎవరి చేతికి దొరికితే వారి ఆయుధమయింది.

ఈ మాట చేతులు మారిన తీరును మొదట గమనించాలి. 2002లో అబ్దుల్ కలాం శాస్త్రజ్ఞానాన్ని కీర్తించి, రాష్ట్రపతి భవనానికి మేధావి కావాలన్న రాజకీయ శిబిరమే, 2022లో ద్రౌపది ముర్మును నిలబెట్టినప్పుడు మేధ కన్నా ప్రాతినిధ్యం గొప్పదన్నది. 2007లో ప్రతిభా పాటిల్ మొదటి మహిళా రాష్ట్రపతి కావడమే గొప్ప అన్న శిబిరం, 2025 వచ్చేసరికి ఒక న్యాయమూర్తి వివేకాన్ని ఎత్తిచూపింది. రెండు వాదాల్లోనూ కొంత నిజం ఉంది. అయితే ఏ నిజం ఎప్పుడు పైకి రావాలో నిర్ణయించింది మాత్రం ఆనాటి ఓట్ల లెక్క.

ఎవరు గెలవవలసింది, ఎవరు ఓడవలసింది అన్నది ఈ వ్యాసానికి విషయం కాదు. మాటలతో పనిచేసేవాళ్లం గనుక, మేధ అనే మాటను రాజకీయాల్లో ఏ అర్థంలో వాడుతున్నారో, మనం ఏ అర్థంలో వాడాలో పరిశీలించడం మన పని. అందుకు తెలుగువారి పాలు ఎక్కువగా ఉన్న ఎన్నికలే మంచి ఆధారం.

2

1967లో జాకీర్ హుస్సేన్ మీద ప్రతిపక్షాలు నిలబెట్టిన అభ్యర్థి మన కోకా సుబ్బారావు. ఆయన భారత ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి మరీ పోటీలోకి దిగారు. హుస్సేన్‌కు 4,71,244 ఓట్ల విలువ, సుబ్బారావుకు 3,63,971 వచ్చాయి. జాకీర్ హుస్సేన్ బెర్లిన్‌లో అర్థశాస్త్రంలో డాక్టరేటు పొందినవారు, జామియా మిలియాను నిలబెట్టిన విద్యావేత్త. సుబ్బారావు న్యాయశాస్త్రంలో ఉద్దండులు. ఇద్దరు పండితులు ఎదురెదురుగా నిలిచిన అరుదైన సందర్భమది. మరి అప్పుడైనా వారి పాండిత్యం చర్చకు వచ్చిందా? ఒకరి మతం చర్చకు వచ్చింది. ఇంకొకరి రాజీనామా చర్చకు వచ్చింది.

రావలసిన చర్చ వేరే ఉంది. పోటీకి కొద్ది వారాల ముందు, 1967 ఫిబ్రవరి 27న, గోలక్‌నాథ్ కేసులో సుబ్బారావు నాయకత్వాన ఆరుగురు న్యాయమూర్తులు ప్రాథమిక హక్కులను పార్లమెంటు కుదించరాదని తీర్పిచ్చారు. అయిదుగురు ఒప్పుకోలేదు. ఆ కేసు పుట్టింది పంజాబులో ఒక భూస్వామ్య కుటుంబపు భూముల మీద. పౌరుడి హక్కుకు కంచె కట్టిన తీర్పుగా దాన్ని చదవవచ్చు. భూసంస్కరణలకు అడ్డుకట్ట వేసిన తీర్పుగానూ చదవవచ్చు. రెండూ ఆ తీర్పులో ఉన్నాయి. మేధ అనేది గాలిలో వేలాడే గుణం కాదు, అది ఎప్పుడూ ఒక వస్తువు మీద, ఒకరి హక్కు మీద పనిచేస్తుంది అనడానికి ఇంతకన్నా మంచి నిదర్శనం దొరకదు. అభ్యర్థి మేధావి అన్నవారు ఈ తీర్పు విప్పి చూపలేదు. కాదన్నవారూ చూపలేదు.

1969 కథ ఇంకా విచిత్రమైనది. మే 3న జాకీర్ హుస్సేన్ మరణించారు. పోటీలో నిలిచిన ముఖ్యులు ముగ్గురూ తెలుగు నేలతో సంబంధం ఉన్నవారే. బరంపురంలో పుట్టిన వి.వి. గిరి, అనంతపురం జిల్లా ఇల్లూరుకు చెందిన నీలం సంజీవరెడ్డి, మన దుర్గాబాయి భర్త సి.డి. దేశ్‌ముఖ్. చదువు తూకం వేస్తే దేశ్‌ముఖ్‌కు సాటి లేదు. ఐ.సి.ఎస్. అధికారి, రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరు, ఆర్థికమంత్రి, విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం అధ్యక్షుడు, మేఘదూతాన్ని మరాఠీ చేసిన సంస్కృతజ్ఞుడు. గిరి డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి వచ్చి రైల్వే కార్మికుల్లో పనిచేసినవారు. 1954లో బ్యాంకు ఉద్యోగుల అవార్డును ప్రభుత్వం సవరించినందుకు నిరసనగా కేంద్ర కార్మికమంత్రి పదవి వదులుకున్నవారు. సంజీవరెడ్డి కళాశాల చదువు మధ్యలో విడిచి స్వాతంత్ర్యోద్యమంలోకి వచ్చి ముఖ్యమంత్రి అయినవారు.

సంజీవరెడ్డి కాంగ్రెసు అధికార అభ్యర్థి. ప్రధానమంత్రి ఇందిరాగాంధీ మనసు గిరి మీద ఉంది. జూలై 19న పద్నాలుగు బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సు మీద తాత్కాలిక రాష్ట్రపతిగా గిరి సంతకం చేశారు. మర్నాడే రాజీనామా చేసి స్వతంత్రుడుగా పోటీకి దిగారు. కమ్యూనిస్టు పార్టీలు రెండూ గిరిని బలపరిచాయి. స్వతంత్ర పార్టీ, జనసంఘం దేశ్‌ముఖ్‌ను నిలబెట్టాయి. అప్పుడు పుట్టింది ‘అంతరాత్మ ప్రబోధం’ అనే మాట. పార్టీ ఆజ్ఞను పక్కనబెట్టి అంతరాత్మ చెప్పినట్టు ఓటు వేయమన్నారు.

అంతరాత్మ ఏం చెప్పిందో లెక్క చూద్దాం. మొదటి ప్రాధాన్యంలో గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769. గెలవడానికి కావలసింది 4,18,169. ఎవరికీ రాలేదు. తొలగిపోయిన అభ్యర్థుల ఓట్లను రెండో ప్రాధాన్యం ప్రకారం పంచితే గిరికి 18,562, రెడ్డికి 91,879 కలిశాయి. ఈ పంచిన ఓట్లలో అత్యధిక భాగం దేశ్‌ముఖ్‌వే. చివరికి గిరి 4,20,077 ఓట్లతో, అంటే 14,650 ఆధిక్యంతో గెలిచారు.

ఈ అంకెల్ని నేను తెలుగు ఉపాధ్యాయుడిగా ఒక వాక్యంలాగా చదువుతాను. దేశ్‌ముఖ్‌కు ఓటు వేసినవారు నిజంగా పాండిత్యానికే ఓటు వేసి ఉంటే, రెండో ఎంపికలో వాళ్లు ఇంత గట్టిగా ఒకే వైపు కదలవలసిన అవసరం లేదు. డబ్లిన్ చదువు, కార్మిక సంఘాల మీద రాసిన పుస్తకాలు ఉన్న గిరికి కూడా అందులో పెద్ద పాలు రావాలి. రాలేదు. ఎన్నికకు ముందే కాంగ్రెసు అధ్యక్షుడు నిజలింగప్ప ఆ రెండో ప్రాధాన్యపు ఓట్లకోసం స్వతంత్ర, జనసంఘం నాయకులతో మాట్లాడారు. ఓట్లు ఆ దారినే నడిచాయి. మేధావి అభ్యర్థి ఆ ఓట్లకు మొదటి మజిలీ మాత్రమే.

ఇక సంవాదం ఎంత దిగజారిందో చెప్పాలంటే, పేరులేని ఒక కరపత్రం సంజీవరెడ్డి వ్యక్తిగత శీలం మీద బురద చల్లుతూ పార్లమెంటు సభ్యుల మధ్య పంచబడింది. వివాదం సుప్రీంకోర్టు దాకా పోయింది. రాష్ట్రపతిగా ఉన్న గిరి స్వయంగా వచ్చి సాక్ష్యం చెప్పారు. 1970లో పిటిషను కొట్టివేశారు. బూర్జువా రాజకీయాల్లో సిద్ధాంత చర్చ లేని చోట శీల చర్చ వచ్చి కూచుంటుంది. అదే సంజీవరెడ్డిని 1977లో అన్ని పార్టీలూ కలిసి పోటీ లేకుండా రాష్ట్రపతిని చేశాయి. ఎనిమిదేళ్లలో ఆయన మేధ పెరగలేదు, తగ్గలేదు. మారినవి పార్టీల అవసరాలు.

మన శిబిరం గురించి కూడా ఒక మాట చెప్పక తప్పదు. 1969లో గిరి గెలుపును అభ్యుదయవాదులు శ్రామికవర్గపు గెలుపుగా చూశారు. అలా చూడడానికి ఆధారాలు లేకపోలేదు. కాని 1974 మే నెలలో రైల్వే కార్మికులు దేశమంతటా సమ్మె చేసినప్పుడు, కాజీపేటవంటి రైల్వే ఊళ్లలో ఎన్ని కుటుంబాలు ఎన్ని రాత్రులు భయంతో గడిపాయో పెద్దలు ఇప్పటికీ చెబుతారు. వేలాదిమందిని జైళ్లలో పెట్టారు, ఉద్యోగాల్లోంచి తీసేశారు, కుటుంబాల్ని క్వార్టర్ల నుంచి వెళ్లగొట్టారు. ఆనాడు రాష్ట్రపతి భవనంలో ఉన్నది అఖిల భారత రైల్వే కార్మిక సమాఖ్యను కట్టినవారిలో ఒకరైన గిరియే. 1954లో బ్యాంకు ఉద్యోగులకోసం మంత్రిపదవి వదిలిన మనిషి 1974లో పదవిలోనే ఉండి ఆగస్టులో పదవీకాలం పూర్తిచేసుకుని వెళ్లిపోయారు. చదువు ఉంది, కార్మికుల మధ్య గడిపిన జీవితం ఉంది, మన పార్టీల మద్దతు ఉంది. ఈ మూడూ ఉన్నంత మాత్రాన సరిపోదని ఆ మే నెల చెప్పింది.

3

మరి కొలమానం ఏది? నా అభిప్రాయంలో రాష్ట్రపతి పదవికి సంబంధించినంత వరకు మేధ కనబడేది ఒక్క చోట. సంతకం ముందు. కాగితం బల్లమీదికి వస్తుంది. దాన్ని చదవాలి, ఎందుకని అడగాలి, అవసరమైతే ఆపాలి. మన రాజ్యాంగం రాష్ట్రపతికి ఇచ్చిన స్థలం ఇరుకైనదే. మంత్రివర్గ సలహాను ఒకసారి తిప్పి పంపవచ్చు, మళ్లీ అదే వస్తే ఒప్పుకోవాలి. ఆ ఇరుకు స్థలంలోనే మేధ ఉందో లేదో తెలుస్తుంది.

ఫకృద్దీన్ అలీ అహ్మద్ కేంబ్రిడ్జిలో చదివినవారు, బారిస్టరు. 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ ప్రకటన కాగితం ఆయన ముందుకు వచ్చింది. మంత్రివర్గం ఆమోదం లేదు. మంత్రులకు తెలిసింది తెల్లవారాక. మంత్రివర్గం ఏమంది అని ఒక్క ప్రశ్న వేయడానికి కేంబ్రిడ్జి అక్కర్లేదు. అయినా ఆ ప్రశ్న ఆ సంతకాన్ని ఆపలేదు. మరునాటి నుంచి జైళ్లు నిండాయి. వరంగల్లు రచయితలు ఆ జైళ్ల రుచి ఎరుగుదురు.

ఆ చీకట్లో ఆగి, చదివి, కాదన్న మనిషి ఒకరున్నారు. 1976 ఏప్రిల్ 28న, ఎమర్జెన్సీలో నిర్బంధితుడికి ప్రాణరక్షణకోసం కోర్టు తలుపు తట్టే హక్కు కూడా లేదని నలుగురు న్యాయమూర్తులు అన్నప్పుడు, అయిదో న్యాయమూర్తి హెచ్.ఆర్. ఖన్నా ఒప్పుకోలేదు. ఆ నలుగురూ మహా పండితులే. ఖన్నాకు ప్రధాన న్యాయమూర్తి పదవి పోయింది. 1982లో ప్రతిపక్షాలు ఆయన్ను రాష్ట్రపతి అభ్యర్థిగా నిలబెట్టాయి. ఎదురుగా జైల్‌సింగ్. ఆయనకు 7,54,113, ఖన్నాకు 2,82,685.

జైల్‌సింగ్ మీద ఆనాటి పట్టణ మేధావి వర్గం వేసిన జోకులు ఒక సంపుటానికి సరిపోతాయి. తమ నాయకురాలు చీపురు పట్టమంటే పడతానని ఆయన అన్నట్టు ప్రచారమయిన మాట ఆ జోకులకు అండ. ఫరీద్‌కోట సంస్థానంలో ప్రజామండలి ఉద్యమం నడిపి ఏళ్లతరబడి జైల్లో మగ్గిన చరిత్రను ఆ జోకులు మింగేశాయి. ఇంగ్లీషు రాకపోవడమే తెలివి లేకపోవడమయింది. ఆ జైల్‌సింగే, పౌరుల ఉత్తరాలు విప్పి చూసే అధికారాన్ని ప్రభుత్వానికిచ్చే తపాలా సవరణ బిల్లు 1986లో పార్లమెంటు దాటి వస్తే, సంతకమూ చేయలేదు, తిప్పీ పంపలేదు. పదవి దిగేదాకా అట్టే పెట్టుకున్నారు. రాజీవ్‌గాంధీతో ఉన్న విరోధమే దానికి కారణమనేవారున్నారు. ఉండవచ్చు. ఏమైతేనేం, ఆ బిల్లు చట్టం కాలేదు.

దీన్నిబట్టి చదువు లేనివాడే గొప్ప అని తీర్మానిస్తే అది ఇంకొక తప్పు. 1984 జూన్‌లో అమృత్‌సర్‌లోకి సైన్యం పోయినప్పుడు ఇదే జైల్‌సింగ్ సర్వసైన్యాధ్యక్షుడి హోదాలో ఉండి ఏమీ చేయలేకపోయారు. అటు కె.ఆర్. నారాయణన్‌ను చూడండి. కేరళలో ఒక దళిత కుటుంబం నుంచి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ దాకా వెళ్లిన విద్వాంసుడు. 1997లో ఉత్తరప్రదేశ్, 1998లో బీహార్ విషయంలో రాష్ట్రపతి పాలన సిఫారసును ఆయన తిప్పి పంపారు. ఒకసారి ఒక కూటమి ప్రభుత్వం, ఇంకోసారి దానికి ఎదుటి కూటమి ప్రభుత్వం. ప్రశ్న మాత్రం ఒకటే. అక్కడ చదువు, జీవితానుభవం, ఆగగల ధైర్యం కలిశాయి. ఇవి కలవాలన్న నియమం లేదు. కలిసినప్పుడు మాత్రం దేశానికి మేలు.

2002లో నేను కాకతీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. తెలుగు విద్యార్థిని. హాస్టల్ గదుల్లో కలాం పక్షం, లక్ష్మీ సెహగల్ పక్షం అని రెండు జట్లు. వామపక్షాలు నిలబెట్టిన సెహగల్ డాక్టరు, నేతాజీ సైన్యంలో ఝాన్సీరాణి దళానికి సారథి. ఆమె గురించి మా మిత్రుల్లో సగం మందికి తెలియదు. క్షిపణుల శాస్త్రవేత్త ఉండగా వేరే చర్చ ఎందుకన్నారు. కలాం నిరాడంబరత, పిల్లలమీద ప్రేమ అబద్ధం కావు. కాని 2005 మే నెలలో బీహార్ శాసనసభ రద్దు కాగితం అర్ధరాత్రి మాస్కోలో ఉన్న ఆయన దగ్గరికి పోతే సంతకం అయిపోయింది. ఆ రద్దు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు తర్వాత తేల్చింది. 2006లో లాభదాయక పదవుల బిల్లును మాత్రం ఆయన తిప్పి పంపారు. అదే మనిషి, అదే మేధ. ఒకసారి ఆగింది, ఒకసారి ఆగలేదు. మేధను మనిషికి అంటుకున్న బిరుదుగా చూసేవారికి ఇది అర్థం కాదు. ఒక్కొక్క పనిలో ఒక్కొక్కసారి నిరూపించుకోవలసిన విషయంగా చూస్తేనే అర్థమవుతుంది.

4

ఇక్కడ మన సాహిత్యం ఏం చెబుతుందో చూడాలి. ఈ ప్రశ్న గురజాడ ముందే వేశారు. కన్యాశుల్కంలో గిరీశానికి ఇంగ్లీషు వచ్చు, ఉపన్యాసం వచ్చు, సంఘసంస్కరణ పరిభాష అంతా నాలుక చివరన ఉంది. అతడు ఒకసారి బండివాడికి నేషనల్ కాంగ్రెస్ గురించి పెద్ద ఉపన్యాసం ఇస్తాడు. అంతా విని బండివాడు అడిగేది తమ ఊరి హెడ్డు కానిస్టేబులును ఎప్పుడు బదిలీ చేయిస్తారని. గిరీశం దీన్ని బండివాడి మూర్ఖత్వానికి ఉదాహరణగా చెప్పుకుంటాడు. ప్రేక్షకులూ నవ్వుతారు. కాని ఆ సంభాషణలో రాజకీయ మేధ ఎవరిది? రాజ్యం తనకు ఏ రూపంలో ఎదురవుతుందో బండివాడికి తెలుసు. మీ కాంగ్రెసు ఆ రూపాన్ని కదిలించగలదా అని సూటిగా అడిగాడు. గిరీశం దగ్గర జవాబు లేదు. అభ్యర్థుల గుణగణాల మీద మనం చేసే చర్చల్లో చాలా భాగం గిరీశం ఉపన్యాసమే. బండివాడి ప్రశ్న ఆ చర్చల్లో వినపడదు.

రెండో ఉదాహరణ మన జిల్లాలోనే ఉంది. నర్సంపేట దగ్గర లక్నేపల్లిలో పుట్టిన పి.వి. నరసింహారావు రాజకీయాల్లోని మేధకు తెలుగువారు చూపే మొదటి పేరు. ఎన్నో భాషలు, వేయిపడగలుకు హిందీ అనువాదం, లోపలి మనిషి నవల. 1982లో రాష్ట్రపతి పదవికి ఆయన పేరు కూడా పరిశీలనలో ఉందని ఊహాగానాలు నడిచాయి. 2024లో భారతరత్న ప్రకటన వచ్చినప్పుడు ఆయన ఎవరివాడన్న పోటీ పార్టీల మధ్య మళ్లీ మొదలయింది. ఆయన మేధను ఎవరూ కాదనలేదు. అసలు పరీక్ష పెట్టినవారూ లేరు.

నేను పరీక్షకు ఆయన కథనే తీసుకుంటాను. పాములపర్తి సదాశివరావుతో కలిసి ఆయన వరంగల్లు నుంచి నడిపిన కాకతీయ పత్రికలో 1949లో ‘గొల్ల రామవ్వ’ అనే కథ వచ్చింది. నిజాం పోలీసుల నుంచి తప్పించుకున్న ఒక యువకుడు రాత్రివేళ ఒక ముసలి గొల్లామె గుడిసెలోకి వస్తాడు. ఆమెకు అక్షరం రాదు. ఉద్యమ సిద్ధాంతం తెలియదు. పోలీసులు వస్తారని మాత్రం తెలుసు. తనకు, తన మనుమరాలికి ఏం జరగవచ్చునో తెలుసు. అంతా తెలిసి, క్షణంలో నిర్ణయించుకుని, ఆ యువకుణ్ణి తన ఇంటి మనిషిగా చూపి కాపాడుతుంది. కథ బలమంతా ఆ క్షణంలో ఉంది. ఆమె లెక్క వేయలేదని కాదు. చాలా చురుకుగా లెక్క వేసింది. కాని లెక్క పూర్తయ్యేదాకా తలుపు బయట మనిషిని నిలబెట్టలేదు.

పాతికేళ్లు దాటి రెండు మూడేళ్ల వయసులో ఒక యువ రచయిత మేధ అంటే ఏమిటో ఇంత స్పష్టంగా చూశాడు. ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు భూసంస్కరణలకు పూనుకుని 1973లో పదవి పోగొట్టుకున్న నరసింహారావులో ఆ రచయిత ఇంకా మిగిలి ఉన్నాడు. 1992 డిసెంబరు 6 నాటి ప్రధానమంత్రిలో ఉన్నాడా? అయోధ్యలో జరగబోయేది ఏమిటో ఊహించడానికి కావలసిన సమాచారం ఉంది. రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు హామీ ఇచ్చింది. ఎన్నికైన ప్రభుత్వాన్ని ముందుగా ఎలా తొలగించగలను అన్న రాజ్యాంగ సందేహం తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. ఆయన మరణానంతరం 2006లో వచ్చిన అయోధ్య పుస్తకం నిండా ఆ వాదనే ఉంది, దాన్ని చదివినవారు ఆ బుద్ధి సూక్ష్మతను ఒప్పుకుంటారు. కాని లెక్క పూర్తయ్యేసరికి మసీదు లేదు. ఆ తరువాత ఎన్ని ఊళ్లలో ఎందరి ప్రాణాలు పోయాయో మనకు తెలుసు.

ఇది నరసింహారావును తక్కువ చేయడానికి చెబుతున్నది కాదు. పార్టీలు ఆయన్ను పొగిడేటప్పుడుగాని తిట్టేటప్పుడుగాని ఆయన కథను చదవవు. విమర్శకుడు చదవాలి. రచయిత సృష్టించిన అక్షరం రాని ముసలామె, అదే రచయిత అధికారంలో చేసిన పనికి కొలబద్ద అయింది. సాహిత్యం రాజకీయాలకు చేయగల సేవ ఇలాంటిదే.

5

2022లో మా స్టాఫ్‌రూములో ద్రౌపది ముర్ము గురించి చర్చ నడిచింది. అప్పుడు తెలంగాణలో అధికారంలో ఉన్న పార్టీ యశ్వంత్ సిన్హాను బలపరిచింది, కమ్యూనిస్టు పార్టీలూ ఆయన్నే బలపరిచాయి. ఒక సహోపాధ్యాయుడు ఆమెకేం తెలుసు, రబ్బరు ముద్ర అన్నారు. ఇంకొకరు, ఆదివాసీ ఆడబిడ్డను అంత మాట అంటారా అని లేచారు. హాజరు పట్టీకోసం వచ్చిన తొమ్మిదో తరగతి లంబాడా పిల్ల గుమ్మంలో నిలబడి అంతా విన్నది. తర్వాత క్లాసులో నన్ను అడిగింది: “రాష్ట్రపతి కాకముందు ఆమె గూడ టీచరే గద సార్. మరి మీకు తెలివి ఉంటది, ఆమెకు ఉండదా?”

నేను ఆ పిల్లకు చెప్పిన జవాబు ఇదీ: “తెలివి ఉంటది బిడ్డా. ఆ తెలివితోని ఏం జేస్తదో చూడాలె.” ఆ జవాబులో రెండు భాగాలూ ముఖ్యమే. మొదటి భాగాన్ని మరిచినవారు కులాన్ని, ఇంగ్లీషును, పట్టణపు నడవడిని మేధ అనుకుంటారు. కేంబ్రిడ్జి చదివిన మనిషికి సంతకం తర్వాత కూడా దొరికిన గౌరవం, సంథాల్ స్త్రీకి సంతకానికి ముందే దొరకలేదు. ఇది అభ్యుదయవాదుల నోట వచ్చినా కులాహంకారమే. రెండో భాగాన్ని మరిచినవారు పుట్టుకనే పని అనుకుంటారు. ఆదివాసీ రాష్ట్రపతి అయితే ఆదివాసుల అడవి నిలుస్తుందని నమ్మించే ప్రచారానికి లొంగుతారు. అడవి హక్కుల మీద, ఖనిజాల మీద వచ్చే కాగితాలు ఆ బల్లమీదికి వచ్చినప్పుడు ప్రశ్న పుట్టిందా లేదా అన్నదే చూడవలసింది.

2025లో సుదర్శన్‌రెడ్డి విషయంలో మాత్రం చర్చ ఒక్కసారైనా అసలు చోటికి వచ్చిందని నా నమ్మకం. 2011 జూలై 5న ఆయన భాగస్వామిగా వచ్చిన తీర్పు, ఛత్తీస్‌గఢ్‌లో ఆదివాసీ యువకుల చేతికి తుపాకులిచ్చి ఆదివాసుల మీదికే తోలిన సల్వాజుడుం పద్ధతిని రాజ్యాంగ విరుద్ధమన్నది. ఆ తీర్పు లేకుంటే నక్సలిజం ఎప్పుడో అంతమయ్యేదని కేంద్ర హోంమంత్రి విమర్శించారు. ఆ విమర్శను నేను ఒప్పుకోను. గోదావరి దాటి మన ములుగు, భద్రాచలం అడవుల్లోకి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన గొత్తికోయల గుడిసెలు చూసినవారెవరూ ఒప్పుకోరు. అయినా ఒక అభ్యర్థి తన పని మీద ప్రశ్నింపబడ్డారు, తన పనితోనే జవాబు చెప్పారు. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి ఎన్నికల చరిత్రలో ఇది అరుదు. ఓట్లు మాత్రం 452, 300గా చాలావరకు పార్టీల దారినే పోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో బద్ధ శత్రువులైన రెండు పార్టీలూ ఎదుటి అభ్యర్థికే వేశాయి. తెలంగాణలోని ప్రతిపక్షం ఓటింగుకే పోలేదు.

ఈ ఎన్నికల్లో మనకు ఓటు లేదు. రాష్ట్రపతికి పార్లమెంటు సభ్యులు, శాసనసభ్యులు, ఉపరాష్ట్రపతికి పార్లమెంటు సభ్యులు మాత్రమే వేస్తారు. రహస్య ఓటు, పార్టీ విప్ చెల్లదు. అంటే అంతరాత్మకు చట్టం తలుపు తెరిచే ఉంచింది. లోపలికి రానివ్వనిది పార్టీ. ఓటు లేని మనకు మాట ఉంది. ఆ మాటను పార్టీలు వాడి పారేసే బిరుదుల స్థాయికి దిగజార్చకుండా కాపాడుకోవడం రచయితల కర్తవ్యం. ఒక అభ్యర్థిని మేధావి అని రాసేముందు అతడు ఏ కాగితం చదివి ఏ ప్రశ్న వేశాడో రాయాలి. ఒక అభ్యర్థిని రబ్బరు ముద్ర అని రాసేముందు అతడు ఏ కాగితాన్ని చదవకుండా వదిలాడో చూపాలి. చూపలేకపోతే ఆ విశేషణం కొట్టివేయాలి.

ద్రౌపది ముర్ము పదవీకాలం 2027 జూలైతో పూర్తవుతుంది. మళ్లీ రెండు పక్షాలు ఏర్పడతాయి. మళ్లీ మేధ, ప్రాతినిధ్యం, అంతరాత్మ అనే మాటలు పత్రికలనిండా నిండుతాయి. సాహిత్య విద్యార్థులు ఇప్పటినుంచే ఒక పని చేయవచ్చు. 1950 నుంచి ఈనాటిదాకా ఏ రాష్ట్రపతి ఏ బిల్లును ఎన్ని రోజులు ఆపారో, ఏది తిప్పి పంపారో, ఏది రాత్రికి రాత్రి సంతకం చేశారో ఒక పట్టిక తయారుచేయండి. దాని పక్కన ఆయా ఎన్నికల వేళ వచ్చిన పొగడ్తలను, ఎగతాళిని రాయండి. ఆ రెండు వరసల్ని పక్కపక్కన చదివి ఎవరైనా ఒక వ్యాసం రాసి పంపితే ఈ చర్చ ముందుకు పోతుంది.